ప్యాసింజర్ లైన్లో పడ్డవాళ్లు

కృపారాణికి మనుషుల కంటే సర్వర్ల మీదే నమ్మకం ఎక్కువ. సర్వరు తప్పు చేస్తే ఎక్కడ చేసిందో తానే చెబుతుంది. మనిషి తప్పు చేసి పక్కవాడి మొహం చూస్తాడు. కర్నూలులో బళ్లారి చౌరస్తా దగ్గర, బట్టల కొట్టు పైన మూడో అంతస్తులో ఉన్న కంపెనీలో రెండేళ్లు కాంట్రాక్టు ఉద్యోగం చేసి ఆమె సంపాదించుకున్న జ్ఞానం ఇంతే.

ఆ కంపెనీకి ఒక ట్రస్టు నడిపే నర్సింగ్ కాలేజీల పని ఉంది. ఏటా ఆ ట్రస్టు పల్లెటూరి ఆడపిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టి ఉచితంగా సీట్లిస్తుంది, హాస్టలుతో సహా. ఇవ్వడం మంచిదే. ఇచ్చే తీరే చూడాలి. ఫలితం మెయిల్లోనే వస్తుంది. సీటొచ్చిన పిల్ల ఆ రోజు సాయంత్రం అయిదింటిలోగా ఆ మెయిల్లోని లింకు నొక్కి 'చేరతాను' అనాలి. అనకపోతే సీటు తర్వాతి పిల్లకు పోతుంది. వెబ్‌సైటులో పెట్టరు, ఒకసారి పెడితే అది కూలిపోయిందట. ఫోనుకు మెసేజీ పంపరు, దానికి కావలసిన అనుమతి ఇంకా రాలేదట. చీమకు కూడా ఫోనున్న ఈ రోజుల్లో మెయిలు అందరికీ ఉంటుందని ఛైర్మన్ గారి లెక్క. ఆయనింట్లో అందరికీ ఉంది మరి.

పోయినేడు మెయిళ్లన్నీ ఒక్కుమ్మడిగా వదిలితే సర్వరు ఉక్కిరిబిక్కిరైంది. సగం మెయిళ్లు మరునాటికి గానీ చేరలేదు. తల్లిదండ్రులు వచ్చి కాలేజీ గేటు ముందు కూర్చున్నారు. ఛైర్మన్ భూపేష్‌ను పిలిచి కడిగిపారేశాడు. భూపేష్ వచ్చి తన కింది వాళ్లను కడిగిపారేశాడు. ఆ నీళ్లెప్పుడూ పైనుంచి కిందికే పారతాయి.

ఈ భూపేష్ కంపెనీ యజమాని. డోన్ పక్కన భూములున్న కుటుంబం. నాపరాళ్ల వ్యాపారంలోంచి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాడు. రాయైనా మెయిలైనా ఆయనకు లోడే. ఈసారి పని కృపారాణికి అప్పగిస్తూ ఉన్నమాట ముందే చెప్పేశాడు.

"ఏమ్మా కృపా, ఈ తూరి నీ చేతుల్లో పెడ్తాండా. అరగంటలో అన్నీ పోవాల. పోతే నీ పర్మినెంటు ఆర్డరు మీద ఛైర్మన్ సంతకం నేను చేయిస్తా. పోకపోతే నీ కాంట్రాక్టు ఎట్లాగూ ఈ నెలాఖరుకే గదా."

కృపారాణి తల ఊపింది. ఆమెకు ఆ ఉద్యోగం కావాలి. కానీ ఆ ఫలితాల్లో ఉద్యోగం కంటే ఎక్కువ కావలసింది ఇంకొకటుంది. అది జ్ఞానమణికి సీటు.

బద్వేలుకు కాస్త దూరంలో కృపారాణి వాళ్ల పల్లె. జ్ఞానమణి అదే పల్లెలో, అదే చర్చి వీధిలో, గురమ్మ ఒక్కగానొక్క కూతురు. తండ్రి పోయాడు. గురమ్మ కూలికి పోయి పిల్లను ఇంటరు దాకా లాక్కొచ్చింది. ఆ తర్వాత లాగడానికి ఆమె రెక్కల్లో ఏమీ మిగల్లేదు. నర్సింగ్ సీట్ల సంగతి చెప్పి, దరఖాస్తు పెట్టమని వెంటపడింది కృపారాణే. ఆరు నెలల పాటు ఆదివారం ఆదివారం ఫోనులో పాఠాలు చెప్పింది. పిల్ల తెలివైంది. ఒకసారి చెప్పింది రెండోసారి అడిగేది కాదు. ఈ సీటొస్తే చదువుంటుంది, రాకపోతే పొలం ఉంటుంది, అది కూడా పరాయి పొలం.

మెయిళ్లు పంపడమంటే బటన్ నొక్కడమే అనుకునేవాళ్లకు ఒక దండం. అరవై వేల మెయిళ్లు ఒకేసారి తలుపు తడితే జీమెయిల్ లాంటి పెద్ద సంస్థలు జడుసుకుని, 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అంటాయి. మన సర్వరు మొండిది. మళ్లీ పోయి తడుతుంది, మళ్లీ తిట్టించుకుని వస్తుంది. అలా తిరిగొచ్చిన మెయిళ్లు వరుసలో కూర్చుని, కొత్తగా పోవలసిన వాటికి దారి లేకుండా చేస్తాయి. పోయినేడు జరిగింది అదే. కృపారాణి నెల రోజులు దాని మీదే కూర్చుంది. ఏ సంస్థకు ఒకేసారి ఎన్ని మెయిళ్లు పంపితే కోపం రాదో కనుక్కుని ఆ మేరకు కళ్లెం వేసింది. వరుసను మంచి వేగమున్న డిస్కులోకి మార్చింది. ఒక్క సర్వరు మీదున్న బరువును మూడింటికి పంచింది. పొద్దున టిఫినుకని తెచ్చుకున్న ఉగ్గాని మధ్యాహ్నం దాకా పొట్లంలోనే ఉండిపోయిన రోజులున్నాయి.

ఫలితాలకు వారం ముందు, 'సిద్ధంగా ఉండండి' అని అందరికీ ఒక మెయిలు పంపి చూశారు. మొదట జోరుగా పోయాయి. అంతలోనే వరుస బిగుసుకుంది. పక్క సీట్లో ఉండే చైతన్య తెర మీదకు వంగి చూసి ఈల వేశాడు.

"ఇది చూడు కృపా. కొన్ని అడ్రసులకు ఒక్కోదానికి వందలు వందలు పోతాండాయి. జీమెయిలోడు ఊరుకుంటాడా? ఒకే పెట్టెలోకి ఇన్ని యాడ పట్టేదని తిప్పి కొడ్తాండాడు. అవే మళ్లా మళ్లా పోయి దారికి అడ్డం పడ్తాండాయి."

"ఒక్క అడ్రసుకు వందలేంది? ఎవురప్పా వీళ్లు?"

"ఇంకెవురు, బ్రోకర్లు! ఊర్లమీద పడి పిల్లోల్లతో అప్లికేషన్లు పెట్టిస్తారే, వాళ్లు. డోన్ స్టేషన్లో టికెట్ల కాడ ఒగడే వచ్చి యాభై టికెట్లు అడిగితే ఏం జేస్తారు? పక్కన నిలబడమంటారు. మనమూ నిలబెడదాం."

దళారులంటే కృపారాణికి ఒళ్లు మంట. అందుకే ఆ మాట చెవికి ఇంపుగా తగిలింది. అప్పటికప్పుడు ఒక నియమం రాసింది. ఏ అడ్రసుకైనా పాతికకు మించి మెయిళ్లుంటే, అవి పక్క వరుసలోకి పోవాలి. మిగతావన్నీ పోయిన తర్వాతే వాటి వంతు. ఆ పక్క వరుసకు చైతన్య 'ప్యాసింజర్' అని పేరు పెట్టాడు, అసలు వరుసేమో ఎక్స్‌ప్రెస్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ అడ్రసులేమిటో కాస్త కిందికి జరిపి చదివి ఉంటే సరిపోయేది. చదవలేదు. వేగం చూసుకుని మురిసిపోయేవాళ్లకు పేర్లు చదివే ఓపిక ఎక్కడిది?

ప్యాసింజర్ మెయిళ్లను రెండు గంటలకోసారి మళ్లీ పంపి చూద్దామనుకుంది. భూపేష్ ఒప్పుకోలేదు. గ్రాఫులో రెండు గంటలకోసారి ఎర్రగీత లేస్తే, చూడవచ్చే ఛైర్మన్ ముందు బాగుండదన్నాడు. "రేపు పొద్దునకు పెట్టు. బ్రోకర్లకు అంత తొందరేంది?" అన్నాడు. కృపారాణి దాన్ని మరుసటి రోజు పొద్దునకు మార్చింది. ఆ మార్పుకు అర నిమిషం కూడా పట్టలేదు. ఫలితాల సాయంత్రమే గడువు దాటిపోతుందన్న లెక్క ఆమెకు తట్టలేదు.

ఫలితాల రోజు శుక్రవారం. జాబితా బయటికి పొక్కకూడదని పొద్దున్నే ఉద్యోగులందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. సాయంత్రం అయిదు దాటితే గానీ ఇవ్వరు. పది గంటలకు కృపారాణి మెయిళ్లు వదిలింది. గోడ మీది పెద్ద తెరలో గ్రాఫు నిటారుగా లేచి, అంతే నున్నగా కిందికి దిగింది. ఇరవై నిమిషాల్లో ఎక్స్‌ప్రెస్ ఖాళీ. నూటికి తొంభై ఎనిమిది చేరాయి. చైతన్య చప్పట్లు మొదలుపెట్టాడు. ఛైర్మన్ ఎవరికో ఫోన్ చేసి ఆ అంకె రెండుసార్లు చెప్పాడు. భూపేష్ అందరికీ బిర్యానీ తెప్పించాడు. మిగిలిన రెండు శాతమూ ప్యాసింజర్లో ఉన్నాయని కృపారాణికి తెలుసు. తెర మూలన ఆ అంకె కనబడుతూనే ఉంది. ఆగనీ, అనుకుంది. జ్ఞానమణి ఈపాటికి లింకు నొక్కేసి ఉంటుందని కూడా అనుకుంది. బిర్యానీ రుచిగానే ఉంది.

అయిదు దాటాక ఫోను చేతికొచ్చింది. తెరిస్తే లేవి చిన్నాయన నుంచి ఇరవై మిస్డ్ కాల్స్.

లేవి ఆమె నాన్నకు తమ్ముడు. బద్వేలు బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ నడుపుతాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ దరఖాస్తయినా ఆయన చేతి మీదుగానే పోవాలి. కృపారాణి మెట్లమీదికి వచ్చి ఫోన్ చేసింది.

"ఏమ్మా, పొద్దుట్నుంచి చేస్తాండా, ఎత్తవే!"

"ఫోన్లు లోపలికి పోనియ్యలేదు చిన్నాయనా. ఏమయింది?"

"ఏమయింది అంటావేందమ్మా. రిజల్టు యాడ? టౌన్లో పిల్లోల్లకు పది గంటలకే వచ్చినాయంట. మన పిల్లోల్లల్లో సొంత మెయిలుండేటోల్లవి నాలుగో ఐదో వచ్చినాయి, అన్నీ సెలెక్టు కాలేదనేవే. మిగిలినోల్లవి రానే లేదు. పొద్దుట్నుంచి ఆడపిల్లోల్లు అంగట్లోనే కూర్చోనుండారు. జ్ఞానమణి గూడా ఈడ్నే ఉండాది."

కృపారాణికి అప్పుడు తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండునని కూడా తట్టింది.

"చిన్నాయనా, మెయిలు ఐడీ ఎవరిది ఇచ్చినావు వీళ్లకు?"

"నాదే. సొంతంగా లేనోల్లందరికీ నాదే ఇస్తా గదా. పిల్లోల్లు పాస్‌వర్డులు మర్చిపోతారు, సిమ్ములు మార్చేస్తారు. నా దాంట్లోకొస్తే నేను అచ్చు తీసి పెడ్తా, పాస్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన మైకులో చెప్తాడు. నీ ఇంజనీరింగు సీటు గూడా అట్లనే గదమ్మా వచ్చింది. కొత్తగా అడుగుతాండావే?"

అవును. అలాగే వచ్చింది. చర్చి మైకులో ఆమె పేరు వినబడితే నాన్న చేలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ సంగతి పదిమందికి పదిసార్లు గొప్పగా చెప్పుకున్న కృపారాణికి, ఒక అడ్రసుకు వందల మెయిళ్లు కనబడగానే గుర్తొచ్చింది దళారులు! ఆ అడ్రసులు బద్వేలువి, పత్తికొండవి, ఆలూరువి, ఆత్మకూరువి. సొంత మెయిలు లేని ఆడపిల్లలందరినీ ఏరి ఏరి పక్కన నిలబెట్టింది. నిలబెట్టడానికి ఇంకెవరి సాయమూ అక్కర్లేకపోయింది.

"జ్ఞానమణితో మాట్లాడతావా?" అన్నాడు లేవి.

"మళ్లా చేస్తా చిన్నాయనా" అని పెట్టేసింది.

భూపేష్ గదిలోకి వెళ్లి నిలబడే చెప్పింది. ఆయన సాంతం విన్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"సార్, ఈ రాత్రి దాకా అన్నా గడువు పెంచమని అడగండి. వాళ్ల తప్పు ఏమీ లేదు."

"గడువు యాడిదమ్మా ఇంక? అయిదింటికే సీట్లు తర్వాత లిస్టుకు పాయ. వాళ్లకు మెయిళ్లు గూడా పోయినాయి. నాలుగే నిమిషాలు పట్టింది, నీ పుణ్యమా అని."

"రెండు శాతం సార్. పన్నెండు వందల మంది పిల్లోల్లు."

"అందరికీ సీట్లు వచ్చింటాయా ఏంది? మెయిలు గూడా లేనోల్లు రేపు ఆస్పత్రిలో కంప్యూటర్లు యాడ చూస్తారు?" అని, ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నేను చెప్పేది విను. రేపు పొద్దున ఆ మెయిళ్లు పోయి చేరినాయనుకో, ప్రతి ఒక్కరూ కాగితం పట్టుకొని గేటు కాడికొస్తారు. చేరలేదనుకో, మనకు రాలేదులే అనుకుంటారు. పరీక్ష రాసినోల్లందరికీ వస్తాయా? ఆ లైను తుడిచెయ్."

"తుడిచేసేదా?"

"నువ్వే తుడువు. ఆ రూలు కింద ఎవరి పేరుండాది, నాదా, నీదా?"

కృపారాణి తన సీటుకొచ్చి కూర్చుంది. తుడిచేముందు ఒక్క మెయిలు తెరిచింది. అలా తెరవకూడదని కంపెనీ నిబంధన. ఆ రోజు అన్ని నిబంధనల్లోకీ అదొక్కటే ఆమెకు చిన్నదిగా కనబడింది. 'చిరంజీవి జ్ఞానమణికి, మీరు ఎంపికైనందుకు అభినందనలు' అని ఉంది. సాయంత్రం అయిదింటి గడువు దాని కిందే, లావు అక్షరాల్లో.

తెలిసి ఏడ్వడం కంటే తెలియకుండా ఉండిపోవడమే ఆ పిల్లకు మేలు కదా, అనుకుంది. చేతికందిన సీటు పోయిందని తెలిస్తే గుండె పగులుతుంది, రాలేదనుకుంటే నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటుంది. మనిషి తనకు కావలసిన పని చేసుకోవడానికి ఎదుటివాళ్ల మేలును ఎంత తేలిగ్గా అడ్డం పెట్టుకుంటాడో! అంతసేపూ ఆమె కళ్ల ముందున్నది జ్ఞానమణి మొహం కాదు, ఛైర్మన్ సంతకం. తుడిచేసింది. వరుసలో ఏమీ లేదని సర్వరు వినయంగా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం ట్రస్టు ఆఫీసులో శాలువా కప్పారు. పర్మినెంటు ఆర్డరు అక్కడే చేతికిచ్చారు. ఛైర్మన్ ఆమె పేరు సరిగ్గానే పలికాడు. ఫోటో పేపర్లో వస్తుందని భూపేష్ చెప్పాడు, చెప్పినట్టే ఆదివారం వచ్చింది.

ఆదివారం ఊరికి పోకుండా ఉండలేకపోయింది. ఎందుకు పోతున్నదో నంద్యాల దాటినా, ఆళ్లగడ్డ దాటినా, మైదుకూరులో బస్సు మారినా తేల్చుకోలేదు. బద్వేలులో లేవి చిన్నాయన బస్టాండుకే వచ్చాడు. చేతిలో పేపరు.

"ఎంత బాగుండావమ్మా ఫోటోలో! మీ నాయన ఉండుంటే!" అని, గొంతు తగ్గించాడు. "మన పిల్లోల్లకు ఒకరికీ రాకపాయ. మెయిలు రాలేదంటే సీటు రానట్టే గదా. పోనీలే. టౌనోల్లతో మనోల్లు యాడ పోటీ పడతారు?"

ఆయనకు అనుమానం కూడా రాలేదు. అనుమానం వచ్చి నిలదీసి ఉంటే కృపారాణికి కాస్త ఊపిరాడేది.

చర్చి అయ్యాక గురమ్మ ఇంటికి పోయింది. వసారాలో జ్ఞానమణి ఒక్కతే కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. ఎవరివో కాయలు, ఒలిచినందుకు కూలి. కృపారాణిని చూసి లేవబోయింది. కూర్చోమని, తానూ పక్కన కూర్చుని నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది. వేళ్లకు అలవాటు తప్పింది. పప్పు రెండు ముక్కలై పోయింది. ముక్కలైతే విత్తనానికి పనికిరాదు.

"నాకు రాలేదక్కా" అంది జ్ఞానమణి, తానే తప్పు చేసినట్టు. "అన్ని దినాలు నీకు శ్రమిచ్చినా."

"రాకపోతే ఏమయింది? మళ్లా సంవత్సరం..."

"మళ్లా రాయనక్కా." ఆ పిల్ల తల ఎత్తలేదు. కాయలు టపటపా ఒలుస్తూనే ఉంది. "బాగా రాసినానని అనుకుంటి. బయటికొచ్చినాక అన్నీ సరిచూసుకుంటి గూడా. అంత బాగా రాసినా అనుకున్నేదానికే రాలేదంటే, ఏది బాగో ఏది బాగలేదో గూడా నాకు తెలీదన్నట్టే గదా. ఇంగ ఏం సదివి ఏం లాభం? శనివారం పుస్తకాలన్నీ పక్కింటి పిల్లకు ఇచ్చేసినా."

కృపారాణి శుక్రవారం తనకు తాను చెప్పుకున్న మాటలన్నీ అక్కడే, ఆ పొట్టులో పడిపోయాయి. నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటుందనుకుంది. ఆ పిల్ల ఊరుకుంది నిజమే, తన తెలివి మీద నమ్మకం వదిలేసి ఊరుకుంది. సీటు పోగొట్టింది ఆమె రాసిన నియమం. ఈ నమ్మకం పోగొట్టింది మాత్రం కృపారాణి మౌనం. ఆమెకు తన మీద తనకు అసహ్యమేసింది. ఆ అసహ్యాన్ని కడుపులో పెట్టుకుని కర్నూలు బస్సెక్కడం ఇక తన వల్ల కాదనిపించింది.

"నువ్వు బాగానే రాసినావు మణీ."

"ఊరికే అనొద్దక్కా."

"ఊరికే కాదు. నీకు సీటొచ్చింది. నేను కండ్లారా చూసినా. మెయిలు..."

జ్ఞానమణి చేతులు ఆగిపోయాయి. తల ఎత్తింది. మొహంలోకి నెత్తురొచ్చినట్టు ఒక వెలుగొచ్చింది. రెండు రోజులుగా మూసుకుపోయిన కళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి.

"నేను సెలెక్టయినానా?"

"అయినావు. అయితే మణీ, విను..."

ఆ పిల్ల వినలేదు. చేట తన్నుకుని లేచింది. ఒలిచిన పప్పంతా వసారా నిండా దొర్లింది. "మా! ఓమా! నేను సెలెక్టయినానంట! కృపక్క చెప్తాండాది! నేను బాగానే రాసినానంట మా!" అని అరుచుకుంటూ ఇంటి వెనక్కి పరిగెత్తింది. పక్కిళ్లల్లోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తొంగిచూశారు. ఎవరో 'దేవునికి స్తోత్రం' అన్నారు.

గురమ్మ వెనకనుంచి తడిచేతులతోనే వచ్చింది. కృపారాణి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. కృపారాణి చేతులు విడిపించుకోబోయింది. కూతురి వైపు చూసి, వీధిలో వాళ్ల వైపు చూసి, మళ్లీ కృపారాణి వైపే తిరిగింది గురమ్మ.

"పెట్టె కొనాల, రెండు జతలు గుడ్డలు కుట్టియ్యాల" అంది. "ఎప్పుడు చేరాలంటమ్మా?"